ఏడో గ్యాలరీలో ఒకరు

రోజు 112

ఉదయం పిలుపు అయింది. పలికిన గొంతులు 211. గాలిపెద్ద చూపిన లెక్క 212.

ఎక్కువైన ఒకటి ఎక్కడుందో వెతికాను. ఏడో గ్యాలరీ: 1.

ఏడో గ్యాలరీ మూసి తొంభై మూడు రోజులైంది.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవారి కోసం, తెలిసిన సంగతే అయినా రాస్తున్నాను. గాలిపెద్ద అంటే ఈ గదిలో ఉన్న మెషీన్. ప్రతి తలుపు దగ్గరా వచ్చేవాళ్ళని, పోయేవాళ్ళని లెక్కపెట్టి, ఎక్కడ ఎంతమంది ఉంటే అక్కడికి అంత గాలి పంపుతుంది. మంటగాలి, అంటే బొగ్గులోంచి వచ్చి నిప్పురవ్వకే అంటుకునే గ్యాసు, కనిపిస్తే ఆ గ్యాలరీకి కరెంటు తీసేస్తుంది. రోజూ ఆరింటికి నేను మైకులో పేర్లు చదువుతాను. ప్రతి ఒక్కరూ "ఉన్న" అనాలి. గొంతుల లెక్క, మెషీన్ లెక్క కలవాలి. మనం బొగ్గుబావిలోకి దిగిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో, చావులు, పుట్టుకలు జరిగిన రోజుల్లో తప్ప అవి కలవకుండా లేవు.

ఫ్యాన్లు చూసే పోశమల్లు టీ పట్టుకొని వచ్చాడు.

"ఏంది సారూ, ఒకటెక్కువుంది? గాలిపెద్ద నీళ్ళాడి బిడ్డను కన్నదా?"

నేను వేలితో గ్యాలరీ నంబరు చూపించాను. నవ్వు ఆపాడు. భుజం మీది తువ్వాలతో స్క్రీన్ తుడిచాడు. అంకె పోలేదు.

పైన సోలార్ ప్యానెళ్ళు తుడిచే వంతు ఈ రోజు ఎనిమిదో గ్యాలరీది. ఎండ ఎక్కకముందే దిగారు. ఇద్దరికి చేతులు బొబ్బలెక్కాయి.

రోజు 113

ఏడు: 1.

గేటు దాకా వెళ్ళాను. ఇనుప గేటుకు అరచేయంత అద్దం ఉంది. టార్చి వేసి చూశాను. తోటకూర పెంచిన అరలు కాలి వంగిపోయి ఉన్నాయి. బూడిద కదులుతోంది. పైపులోంచి గాలి వస్తోంది కాబట్టి కదులుతోంది.

ఒక్కరున్నా గ్యాలరీ మొత్తం గాలితో నింపాలి. ఆరుకూ ఏడుకూ ఒకటే ఫ్యాన్. కనుక ఆరులో ఉన్న పద్దెనిమిది మందికి సగం గాలే అందుతోంది.

తిరిగి వచ్చే పైపు దగ్గర మీటరు పెట్టి చూశాను. లోపలికి వెళ్ళిన గాలి వెళ్ళినట్టే బయటికి వస్తోంది. ఎవరూ పీల్చలేదు.

గేటు వేడి 34 డిగ్రీలు.

రోజు 114

గేటు వేడి 39. లోపల నిప్పు ఇంకా ఉంది. గాలి అందితే రాజుకుంటుంది.

ఏడుకు పోయే పైపును కోసి మూసెయ్యవచ్చు. కానీ అలా చెయ్యాలంటే ఆ గ్యాలరీని జాబితా నుంచి తీసేసి, గేటు స్థానంలో గోడ కట్టాలి. మన కట్టుబాటు ప్రకారం, లోపల ఉండిపోయిన మనిషి తాలూకు వాళ్ళు ఒప్పుకుంటేనే గోడ. పంతొమ్మిదో రోజున మంటను ఆపడానికి గేటు మూసేశాం. లోపల ఒకరే ఉన్నారు. బయటికి తేలేకపోయాం.

వినోద. నా భార్య.

ఒప్పుకోవలసినవాళ్ళు ఇద్దరు. నేను, ఆమె తల్లి కనకవ్వ. అత్తమ్మ ఉండేది ఆరో గ్యాలరీలోనే. బొగ్గు పట్టిన ఊపిరితిత్తులు. సగం గాలితో నిన్నటి నుంచి మంచం దిగలేదని చెప్తే వెళ్ళాను. మంచం ఖాళీగా ఉంది. ఏడో గేటుకు వీపు ఆనించి నేల మీద కూర్చొని కనిపించింది.

"అత్తమ్మా, ఈడ వేడి. లేవుండ్రి."

"పోశమల్లు చెప్పిండు. లోపల ఒకరున్నరట గదా."

"మెషీన్ తప్పు చూపిస్తాంది."

"నువ్వన్నవా, మెషీన్ అన్నదా తప్పని?" దగ్గు వచ్చింది. ఆగడానికి చాలాసేపు పట్టింది. "నా గాలి నా బిడ్డె తీస్కుంటాంది. తీస్కోనీ. నీకేం బాధ?"

"మీతోని ఇంకా పదిహేడు మందున్నరు."

చేయి పట్టుకొని లేపితే లేచింది. గోడ సంగతి నేను అడగలేదు. అడిగితే కాదంటుందని నాకు తెలుసు. అడగకపోవడానికి అదొక్కటే కారణం కాదు.

రోజు 116

గేటు వేడి 47. మీటింగు పెట్టారు. మెషీన్‌ను ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమన్నారు. ఆపితే ఎనిమిది నిమిషాలు ఫ్యాన్లు చేత్తో తిప్పాలి. పోశమల్లు, మరో పదకొండు మంది తిప్పారు.

ఆన్ అయ్యాక, ఏడు: 0. ఆరుకు పూర్తి గాలి వెళ్ళింది. గేటు చల్లబడడం మొదలైంది. అందరూ వెళ్ళిపోయారు.

మొత్తం చూశాను. 212.

ఒక్కొక్క గ్యాలరీ, ఒక్కొక్క ఇల్లు చూసుకుంటూ వచ్చాను. పద్నాలుగో ఇల్లు: 1.

పద్నాలుగో ఇల్లు నాది. నేను మెషీన్ గదిలో ఉన్నాను.

రోజు 117

ప్రతి ఇంటి తలుపు పక్కనా లోపల ఎంతమంది ఉన్నారో చూపే చిన్న అంకె వెలుగుతుంది. నిన్న డ్యూటీ దిగి ఇంటికి వెళ్తే అంకె 1. తలుపు తీశాను. ఎవరూ లేరు. లోపలికి వెళ్ళి నిలబడ్డాను. అంకె 1. బయటికి వచ్చాను. 1.

ఆరుసార్లు చేశాను. నేను లోపలున్నా బయటున్నా మెషీన్‌కు తేడా లేదు.

ఈ ఉదయం పేర్లు చదివాక, రిపోర్టులో "అన్నీ మామూలే" అని రాశాను. అది అబద్ధం.

రోజు 118

అత్తమ్మ వచ్చింది. ఆరులో గాలి సరిపోతోందని, నడవగలుగుతున్నానని చెప్పింది. ఏడు ఖాళీ అవడం మాత్రం ఆమెకు నచ్చలేదు.

"పంపిచ్చినవా దాన్ని?" అంది గడపలోనే నిలబడి.

నేను తలుపు పక్కన అంకె చూపించాను. అప్పుడు ఆమె బయట ఉంది, నేను లోపల ఉన్నాను. 1. ఆమె లోపలికి అడుగు పెట్టింది. 3.

అత్తమ్మ ఆ అంకె వంక చూసింది. చెప్పులు విడిచింది. నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, "బియ్యం ఏడున్నయ్?" అంది.

మూడు పళ్ళేలు పెట్టింది. మూడో దాంట్లో అన్నం, మీద కొంచెం పుట్టగొడుగుల పులుసు. మేమిద్దరం తిన్నాం. వినోద ఉన్నప్పుడు కూడా మా ఇంట్లో తినేటప్పుడు మాటలు తక్కువే. ఒకసారి అత్తమ్మ మూడో పళ్ళెం పక్కకు ఉప్పు గిన్నె జరిపింది. వినోద ఉప్పు ఎక్కువ తింటుంది.

ఆ రాత్రికి ఆమె ఇక్కడే పడుకుంటానంది. కాదనలేదు.

రోజు 121

ఈ నాలుగు రోజులూ రిపోర్టులో "మామూలే" అనే ఉంది.

నిన్న పోశమల్లు ఇంటికి వచ్చాడు. ముగ్గురం ఉన్నాం. అంకె 3. అత్తమ్మ దానివైపు చూసి, "బయటికి పోయినట్టుంది. వత్తది" అంది. కాసేపటికి పోశమల్లు భార్య భర్తను వెతుక్కుంటూ వచ్చింది. నలుగురం. అంకె 5.

"ఏందవ్వా, ఐదో మనిషెవరు?" అందామె నవ్వుతూ. పోశమల్లు ఆమె చేయి గిల్లాడు. ఇద్దరూ టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

ఇవాళ మెషీన్ గదిలో కూర్చొని కాగితం మీద వేసి చూసుకున్నాను. ఎవరూ లేకపోతే 1. ఒకరుంటే 1. ఇద్దరుంటే 3. ముగ్గురుంటే 3. నలుగురుంటే 5. బేసి అయితే ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది. సరి అయితే ఒకటి కలుస్తోంది. మనిషే అయితే ముగ్గురున్నప్పుడు నాలుగు చూపాలి.

మెషీన్ మెమొరీలో ప్రతి అంకె సున్నాలుగా, ఒకట్లుగా గళ్ళలో ఉంటుంది. ఆ గళ్ళలో ఒకటి చెడింది. అందులో సున్నా పెట్టినా ఒకటే అవుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ మెషీన్ అంకెలను కొత్త చోట్ల సర్దుకుంటుంది. మొన్న ఆ చెడ్డ గడిలో ఏడో గ్యాలరీ పడింది. ఇప్పుడు మా ఇల్లు పడింది. అంతే.

మెషీన్ విప్పి ఆ గడి ఏ మెమొరీ స్టిక్‌లో ఉందో చూడడం నా పని. పనిముట్లు నా జేబులోనే ఉన్నాయి. ఇంటికి వెళ్ళాను. భోజనం వేళ అయింది.

రోజు 124

పదకొండింటికి పైన ప్యానెళ్ళ దగ్గర ఏదో తెగి కరెంటు రెండు నిమిషాలు పోయింది. గాలిపెద్ద దానంతటదే ఆగి, దానంతటదే లేచింది.

పద్నాలుగో ఇల్లు: 1. అత్తమ్మ ఒక్కతే ఉంది. ఇంటికి పరుగెత్తాను. నేను లోపలికి వెళ్ళగానే 2.

అత్తమ్మ అప్పటికే అంకె కింద నిలబడి ఉంది. "ఏడికి పోయింది?" అంది. నా వైపు చూడలేదు.

నేను ఇంట్లో ఉండగానే ఎనిమిదో గ్యాలరీలో కరెంటు పోయింది. అక్కడ మంటగాలి లేదు. ఉందని మెషీన్ అనుకుంది. ఈసారి చెడ్డ గడి మనుషుల లెక్కలో పడలేదు, మంటగాలి అంకెలో పడింది. ముప్ఫై నాలుగు మంది నలభై నిమిషాలు చీకట్లో ఉన్నారు. ఆ తోపులాటలో సారక్క అనే ఆవిడ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

నేను మూడు రోజుల ముందే మెషీన్ విప్పి ఉంటే ఇది జరిగేది కాదు.

రోజు 125

విప్పాను.

నా తర్వాతి వారు ఈ పేజీ జాగ్రత్తగా చదవాలి.

గాలిపెద్దకు నాలుగు ర్యామ్ స్టిక్‌లు, అంటే మెమొరీ చిప్‌లు అతికించిన పట్టీలు. ఒక్కొక్కటి పదహారు జీబీ. మొత్తం అరవై నాలుగు. గది తలుపు మీద "64" అని పెద్దగా రాసి ఉంటుంది. ఏటా మీటింగులో ఒకే ప్రశ్న అడుగుతారు: అరవై నాలుగు నిండిందా? నిండింది అంటే చప్పట్లు కొట్టి తర్వాతి విషయానికి వెళ్తారు. ఈ ఏడాది మూడో రోజున ఒక స్టిక్ పాడైతే, స్టోరులో దొరికిన మరో పదహారు పెట్టాను. నిండింది అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఇవాళ నాలుగింటినీ తీసి గుడ్డ మీద వరసగా పెట్టాను. మూడింటి మీద తొమ్మిదేసి నల్ల చిప్‌లు ఉన్నాయి. నాలుగో దాని మీద ఎనిమిదే. అంచున నా చేతిరాత: "రోజు 3, రాజేశం."

ఎనిమిది చిప్‌లు అంకెలు దాచుకోవడానికి. తొమ్మిదోది ఆ ఎనిమిదీ తప్పితే పట్టుకొని దిద్దడానికి. తొమ్మిదోది లేని స్టిక్ ఒక్కటి చేరినా మెషీన్ దిద్దడమే మానేస్తుంది, మిగతా మూడింటిలోనూ. అందుకే నేను పెట్టిన స్టిక్‌లోని ఒక్క చెడ్డ గడి ఇన్నాళ్ళు తిరగగలిగింది.

అది ఒక సంగతి. రెండోది స్పీడు. పాతవాటి మీద 3200 అని ఉంది. నేను పెట్టినదాని మీద 2133. వేరువేరు స్పీడ్లవి కలిపితే అన్నీ తక్కువదాని స్పీడుకే దిగుతాయి. నలుగురు కలిసి పైపు మోస్తే కుంటివాడి నడకే అందరి నడక. ఆ అంకె నేను ఆ రోజే చూశాను. దాని పక్కనే ఆలస్యం అంకె కూడా చూశాను. పాతవాటికి 22, కొత్తదానికి 15. ఆలస్యం తక్కువ కదా, మెరుగే అనుకున్నాను. కాలేజీలో చదివినది మర్చిపోయాను. ఆ 22, 15 అడుగుల లెక్క. అడుగుకు ఎంతసేపు పడుతుందో స్పీడు చెబుతుంది. లెక్క వేస్తే రెండింటి ఆలస్యమూ దాదాపు ఒకటే. కానీ కొత్తది ఒక సెకనులో మోసుకొచ్చేది పాతదానిలో మూడింట రెండొంతులే.

మంటగాలి కనబడ్డాక కరెంటు తియ్యాలా వద్దా అని తేల్చడానికి గాలిపెద్ద మెమొరీ మొత్తం తిరగేస్తుంది. నిరుడు పరీక్షలో దానికి మూడు సెకన్లు పట్టింది.

పంతొమ్మిదో రోజు రికార్డు తెరిచాను. ఇన్నాళ్ళూ తెరవలేదు. మంటగాలి కనబడిన క్షణం ఉంది. కరెంటు పోయిన క్షణం ఉంది. మధ్యలో అయిదు సెకన్లు. దీపాల దగ్గర అంటుకున్నది నాలుగో సెకనులో.

మూడును ఒకటిన్నరతో గుణిస్తే నాలుగున్నర. మిగిలిన అర సెకను దేనికో తెలియలేదు. చాలాసేపు వెతికాను.

స్టోరులో తొమ్మిది చిప్‌లవి ఇంకేవీ లేవు. ఈ స్టిక్‌లు జతగా ఉంటేనే పూర్తి వేగంతో నడుస్తాయి. మూడు పెట్టి చూస్తే నాలుగున్నర సెకన్లు వచ్చింది. రెండే పెడితే మూడు వస్తుంది. కానీ ముప్ఫై రెండే అవుతుంది. ఇప్పుడున్న లెక్కలు అందులో పట్టవు. సగం మెమొరీ ఏడో గ్యాలరీ ఒక్కటే తింటోంది. లోపలి నిప్పు ఎటు పాకుతుందో మెషీన్ క్షణక్షణం లెక్క కడుతోంది. పైపు కోసి గోడ కట్టేస్తే ఆ లెక్క అక్కర్లేదు.

గోడకు కనకవ్వ ఒప్పుకోవాలి.

అప్పటిదాకా నాలుగూ తిరిగి పెట్టాను. చెడ్డ గడి మళ్ళీ ఎనిమిదో గ్యాలరీ మంటగాలి అంకెలోనే పడింది కనుక ఆ గ్యాలరీని ఖాళీ చేయించాను.

రోజు 126

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాను. తలుపు పక్కన అంకె 2 అయింది. అత్తమ్మ మూడు పళ్ళేలే పెట్టింది.

"అత్తమ్మా, ఒక మాట చెప్పాలె."

"తిన్నంక చెప్పు."

"ఇప్పుడే చెప్పాలె. వినోద పోయిన్నాడు కరెంటు మూడు సెకండ్లల పోవాలె. అయిదు పట్టింది."

గరిటె గిన్నెలో పెట్టింది.

"ఎందుకు పట్టింది?"

"నేను పెట్టిన స్టిక్కుతోని. పాతయి దాంతోని కలిసి నెమ్మదైనయ్."

"అరువై నాలుగు నిండిందంటివి గదా. మీటింగుల నేను గూడ ఉన్న."

"నిండింది. నిండిందా లేదా అనే చూసిన. ఇంకేం చూడలె."

"మరి ఈడ తిరిగిందెవరు?"

"అది గూడ ఆ స్టిక్కే. దాంట్ల ఒక గడి చెడింది. వినోద గాదు."

"నీకెప్పుడు ఎరుక?"

"గడి సంగతి ఐదు రోజులాయె. సెకండ్ల సంగతి నిన్న."

"ఐదు రోజులు నాతోని కూసోని తిన్నవు."

"తిన్న."

అత్తమ్మ మూడో పళ్ళెం వైపు చూడలేదు. పొయ్యి మీద చేయి ఆనించి నిలబడింది.

"రెండు సెకండ్లంటే ఎంత?" అంది.

ఆమె పొయ్యి దగ్గర నుంచి కదిలింది. "ఒకటి" అంది. ఊపిరి తీసుకోలేదు. "రెండు." అప్పటికి ఆమె చేయి తలుపు మీద ఉంది. తలుపు పట్టుకొని దగ్గింది. ఆగాక, నా వైపు తిరగకుండానే అంది:

"ముసల్దాన్ని. ఊపిరాడనిదాన్ని. నేనే ఇంత దూరమొచ్చిన."

నేను పళ్ళెం ముందు కూర్చునే ఉన్నాను.

"గోడకు మీ మాట కావాలె అత్తమ్మా" అన్నాను. "ఏడును జాబితాల నుంచి తియ్యాలె. తియ్యకపోతె ఇంకో గ్యాలరీల గిట్లనె అయితది."

"తీసెయ్" అంది. "కట్టుకో నీ గోడ."

చెప్పులు చేత్తో పట్టుకొని వెళ్ళిపోయింది. అంకె 2 నుంచి 1కి మారింది.

రోజు 127

పైపు కోసి మూశాం. గోడ కట్టాం. పోశమల్లు కట్టాడు, నేను ఇటుకలు అందించాను. చివరి వరస ముందు అతను తాపీ నా చేతికిచ్చాడు. ఆ వరస నేను పెట్టాను. గోడకు అద్దం లేదు.

జాబితాలో ఇప్పుడు ఆరు తర్వాత ఎనిమిది.

తొమ్మిది చిప్‌ల స్టిక్‌లు రెండు, జతగా, రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాను. స్పీడు 3200. తప్పులు దిద్దడం మళ్ళీ మొదలైంది. పరీక్ష పదిసార్లు చేశాను. పదిసార్లూ మూడు సెకన్లు.

తలుపు మీది "64" గీకేశాను. దాని చోట ఇలా రాశాను: ఒక్కో స్టిక్ మీద తొమ్మిది చిప్‌లు ఉండాలి. అన్నిటి స్పీడూ ఒకటే ఉండాలి. జతగా ఉండాలి. మొత్తం ఎంతన్నది ఆ తర్వాతే అడగాలి. ఏటా మూడు సెకన్ల పరీక్ష మీటింగు ఎదుట చెయ్యాలి.

నేను చేసిన తప్పు, అబద్ధం రాసిన రోజులు మీటింగులో చదివి వినిపించాను. కుర్చీ అప్పగిస్తానన్నాను. ఈ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు కనుక ఉండమన్నారు. సారక్క కట్టుకట్టిన చేత్తోనే లేచి బయటికి వెళ్ళింది.

రోజు 128

ఆరింటికి పేర్లు చదివాను. ఒకటి నుంచి అయిదు దాకా సరిపోయాయి. ఆరో గ్యాలరీలో పదిహేడు మంది పలికారు.

"పల్లికొండ కనకవ్వ."

మైకులో చప్పుడు లేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలిచాను. మూడుసార్లు పలకకపోతే మనిషిని వెళ్ళి చూడాలి. అది నియమం.

స్క్రీన్ మీద ఆరో గ్యాలరీ: 18.

వెళ్ళాను. గ్యాలరీలో వాళ్ళందరూ తమ తమ గడపల్లో నిలబడి ఉన్నారు. నన్ను చూసి తలలు దించుకున్నారు. అత్తమ్మ మంచం మీద కూర్చొని వెల్లుల్లి ఒలుస్తోంది. మైకు ఆమె పక్కనే, పచ్చదీపం వెలుగుతూ ఉంది. అంటే నా పిలుపులు వినిపించాయి.

"కనకవ్వ" అన్నాను, ఉద్యోగరీత్యా పిలవవలసినట్టే.

పొట్టు ఊదింది. ఇంకో రెబ్బ తీసుకుంది. రొమ్ము నిండా గాలి పీలుస్తోంది. దగ్గు లేదు. మీటరు చూశాను, గాలి పూర్తిగా అందుతోంది. వచ్చేశాను.

పలికిన గొంతులు 210. గాలిపెద్ద లెక్క 211.

తేడా ఒకటి. మెషీన్ లెక్కే సరైనదని రాసి సంతకం చేశాను.